33 వారాలు, బేబీ ఎదురుకాళ్ళు... కాలి చిటికెన వేలు పాయింట్‌కి వేడి పెడితే తిరుగుతుందంట, వైజాగ్‌లో ఎవరైనా చేయించుకున్నారా?

మధురవాడ_కొత్తమ్మ:
అందరికీ నమస్కారం అండి. నాకిది ఫస్ట్ ప్రెగ్నెన్సీ, నిన్నటికి 33 వారాలు నిండాయి. సోమవారం స్కాన్‌లో బేబీ తల ఇంకా పైనే ఉంది, నా పక్కటెముకల కింద గట్టిగా బంతిలా తగులుతుంటే ఏంటో అనుకున్నా, అదే తలంట. బ్రీచ్ అన్నారు. డాక్టర్ గారు చాలా తేలిగ్గా "ఇంకా టైం ఉందమ్మా, 36కి మళ్ళీ చూద్దాం" అనేసి తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు, నాకేమో బయటికొచ్చి బిల్లు కట్టేలోపే ఏడుపొచ్చేసింది.

ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య "ఎదురుకాళ్ళా" అని ఒక్క మాట అని ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు, గంటలో అనకాపల్లిలో మా అమ్మకి, అక్కణ్ణించి చుట్టాలందరికీ తెలిసిపోయింది. ఒకళ్ళు ఎడమవైపే పడుకో అంటారు, ఒకళ్ళు వంగి ఇల్లు తుడువు అంటారు, ఒకావిడైతే మా ఊళ్ళో ముసలావిడ ఉంది పొట్టకి ఆముదం రాసి బిడ్డని తిప్పేస్తుంది, కారు పంపిస్తే వస్తుంది అంటోంది. దణ్ణం పెట్టేశాను.

అసలు సంగతేంటంటే, మా బ్యాంకులో ఒక సీనియర్ అక్క చెప్పింది, చైనా వైద్యంలో కాలి చిటికెన వేలి గోరు పక్కన ఒక ఆక్యుపంక్చర్ పాయింట్ ఉంటుందట, అక్కడ సూది గుచ్చరంట, ఏదో ఆకు చుట్టిన చుట్టలాంటిది వెలిగించి దగ్గర పెడితే బిడ్డ తల కిందకి తిరుగుతుందంట. నాకు నవ్వొచ్చింది. చిటికెన వేలెక్కడ, కడుపులో బిడ్డ తలెక్కడ! కానీ రాత్రి నిద్ర పట్టక మూడింటికి లేచి వెతికితే నిజంగానే బోల్డు వీడియోలున్నాయి, ఒక్కోదాంట్లో ఒక్కో చోట పెడుతున్నారు, ఒకాయన చీలమండ పైన నొక్కుతున్నాడు, ఇంకో ఆవిడ అరికాలు మధ్యలో.

మన వైజాగ్‌లో ఎవరైనా చేయించుకున్నారా, పాయింట్ కరెక్ట్‌గా ఎక్కడ, ఇంట్లో చేసుకోవచ్చా, బేబీకి ఏమైనా అవుతుందా? మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు, రాత్రి పూట అయితే ఆయన చేత చేయించుకోవచ్చు. ప్లీజ్, తెలిసినవాళ్ళే చెప్పండి, భయపెట్టకండి.

పేరు_ఎందుకులే:
డాక్టర్ని అడగండి.

మధురవాడ_కొత్తమ్మ:
అడగడానికి ఆవిడ ఆగితే కదండీ.

ఎదురుకాళ్ళ_బాబాయ్:
ఏటమ్మా అంత కంగారు పడిపోతన్నావు, నేనూ ఎదురుకాళ్ళతోనే పుట్టీసేను, వన్‌టౌన్ ఘోషాసుపత్రిలో, 58 ఏళ్ళొచ్చీసేయి, ఏటీ అవలేదు. పైగా మా వీధిలో నాకున్న డిమాండు మరెవరికీ లేదు. ఎవలికి నడుం పట్టీసినా పొద్దున్నే నా గుమ్మం ముందే, "బాబాయ్ ఒకసారి తొక్కీ" అని బోర్లా పడిపోతారు, ఎదురుకాళ్ళోడు తొక్కితే పట్టు వదిలీద్దని మనోళ్ళ నమ్మకం కదా. ఎడం కాలితో మూడుసార్లు అలా తాకిస్తాను, గట్టిగా తొక్కను, 82 కేజీలున్నాను, తొక్కితే పట్టు కాదు ఎముకే వదిలీద్ది. సగం మందికి తగ్గిపోద్ది. మిగతా సగం మంది ఎముకల డాక్టరు దగ్గరికెళ్ళిపోతారు, నా దగ్గరికొచ్చి తగ్గలేదని చెప్పరు, అందుకే నాకు పేరొచ్చీసింది.

నీకు చెప్పొచ్చేదేటంటే నాలాటోడు పుడితే నష్టమేటీ లేదు. కాకపోతే మా అమ్మ రెండ్రోజులు నరకం చూసిందంట, అప్పట్లో కోతలూ స్కాన్‌లూ ఎక్కడివి. నువ్వు మాత్రం ఆ ఆముదం ముసల్దాన్ని గుమ్మం తొక్కనివ్వకు.

సూదులు_సీతమ్మధార:
నేను ఫిజియోథెరపీ చేస్తానండి, తర్వాత ఆక్యుపంక్చర్ కూడా నేర్చుకున్నాను, మీ అక్క చెప్పింది ఉన్నదే. ఆ పాయింట్ పేరు జీయిన్, చార్టుల్లో బీఎల్-67 అని ఉంటుంది. బీఎల్ అంటే బ్లాడర్, మూత్రాశయం లైను, లైను అంటే చైనా వైద్యంలో శక్తి ఒంట్లో పారుతుందనే దారి. ఈ లైను కంటి లోపలి మూల దగ్గర మొదలై నుదురు, నడినెత్తి మీదుగా వెనక్కి దిగి, వెన్నుపూసకి రెండు పక్కలా కిందకొచ్చి, పిరుదు, తొడ వెనక, పిక్క, చీలమండ బయటి వైపు నుంచి చిటికెన వేలి దగ్గర ఆగుతుంది. మొత్తం 67 పాయింట్లు, అన్ని లైన్లలోకీ ఎక్కువ దీనికే, అందులో చిట్టచివరిది ఇది. జీ అంటే చేరడం, యిన్ అంటే చైనా వాళ్ళు చెప్పే యిన్, యాంగ్ అనే జంట శక్తుల్లో ఒకటి. ఈ లైను యాంగ్, ఇక్కడ అయిపోయి పక్కనే మొదలయ్యే కిడ్నీ లైనుకి అప్పజెప్తుంది, అది యిన్. వాళ్ళ లెక్కలో గర్భసంచి సంగతులన్నీ కిడ్నీ చూసుకుంటుంది. అందుకని చిటికెన వేలికి వెచ్చదనం ఇస్తే కడుపులో కదలిక వస్తుందని వాళ్ళ వాదన. అది వాళ్ళ శాస్త్రం, మన అనాటమీ పుస్తకంలో ఈ దారి కనపడదు, రెండూ కలిపి రుజువు చెయ్యాలని చూస్తే బుర్ర పాడవుతుంది, నేను మానేశాను.

ఎక్కడ అంటే, కాలి చిటికెన వేలి గోరుకి బయటి వైపు (పక్క వేలి వైపు కాదు) కింది మూల. గోరు మొదలు వెంట అడ్డంగా ఒక గీత, గోరు బయటి అంచు వెంట నిలువుగా ఒక గీత ఊహించుకోండి, అవి కలిసే చోటు. గోరు మూల నుంచి 0.1 చున్ దూరం అని రాస్తారు, చున్ అంటే పేషెంట్ సొంత బొటనవేలి వెడల్పు, అందులో పదో వంతు అంటే రెండు మిల్లీమీటర్లు అనుకోండి. కానీ వేడి పెట్టేటప్పుడు అంత సూక్ష్మం అక్కర్లేదు, ఆ మూలంతా వెచ్చబడుతుంది.

వీడియోల్లో చీలమండ పైన నొక్కుతున్నాడన్నారు చూడండి, దానికి మాత్రం దూరంగా ఉండండి. లోపలి చీలమండకి నాలుగు వేళ్ళ పైన ఉండేది స్ప్లీన్ లైనులో ఆరోది, దాన్నీ చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే పాయింట్‌నీ గర్భంతో ఉన్నప్పుడు ముట్టుకోకూడదని మాకు మొదట్లోనే చెప్తారు, నొప్పులు తెప్పిస్తాయని. అరికాలు మధ్యది యుంగ్‌చ్వాన్, కిడ్నీ లైనులో మొదటిది, దానికీ దీనికీ సంబంధం లేదు. వీడియో పెట్టేవాళ్ళకి లైకులు కావాలి, పాయింటు ఎక్కడైతే వాళ్ళకేంటి.

వెలిగించేదాన్ని మోక్సా అంటారు, జపాన్ వాళ్ళ మొగుసా అనే మాట నుంచి వచ్చింది. ఒక రకం ఆకు ఎండబెట్టి, దంచి, జల్లించి, మెత్తటి దూదిలా చేసి కాగితంలో గట్టిగా చుట్టి చుట్టలా చేస్తారు. మీ ఇంట్లో అందరికీ ఆ ఆకు కుటుంబం తెలుసు, వినాయక చవితి పూజలో "సుముఖాయ నమః" అని మొట్టమొదట వేస్తామే, మాచిపత్రి, ఆ జాతే.

చుట్ట కొసని చర్మానికి 2, 3 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఒక్కో కాలికి 15 నుంచి 20 నిమిషాలు, రోజుకి ఒకసారో రెండుసార్లో, వారం పది రోజులు. బాగా వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు, చురుక్కుమంటే వెంటనే వెనక్కి. ముందు బాత్రూమ్‌కి వెళ్ళి వచ్చి, బట్టలు వదులు చేసుకుని, వీపు వెనక దిండ్లు పెట్టుకుని వాలి కూర్చోవాలి. మీరు వంగి మీ కాలికి మీరే పెట్టుకోవడం ఈ నెలలో జరిగే పని కాదు, ఎవరో ఒకళ్ళు ఉండాల్సిందే. మొదటిసారి మాత్రం తెలిసినవాళ్ళ దగ్గర చేయించుకుని, మీ ఆయన్ని పక్కన నిలబెట్టి చూపించండి. ముందు స్కాన్ రిపోర్టు చూడకుండా ఎవరైనా "రండి చేసేద్దాం" అంటే అక్కణ్ణించి వచ్చేయండి.

మధురవాడ_కొత్తమ్మ:
అయ్యో ఎంత వివరంగా రాశారండి, థాంక్స్. కానీ ఒక పొరపాటు చేశాను, మీరు రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను. మాచిపత్రి అనగానే ఆవిడ లేచి మొన్న చవితికి పూర్ణా మార్కెట్‌లో కొన్న పత్రి కట్ట ఎండిపోయి దేవుడి గూట్లో ఉంది, నిమజ్జనానికి మర్చిపోయారంట, "ఇదిగో ఉంది కదా, దీన్నే చుట్ట చుట్టి కాల్చేద్దాం, ఆ చైనాదానికి డబ్బులెందుకు" అంటున్నారు. కాదంటే అగరొత్తులు నాలుగు కలిపి పెడదాం అంటున్నారు. ఏం చెప్పాలి ఆవిడకి?

సూదులు_సీతమ్మధార:
అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి, ఆవిడ లాజిక్ నాకు నచ్చింది కానీ వద్దు. చవితి కట్టలో మాచిపత్రి పేరుతో ఏ ఆకు పెట్టాడో అమ్మినవాడికే తెలీదు. అది చిటపటమని నిప్పురవ్వలు రాలుస్తుంది. మోక్సా అయితే నిప్పు రాజుకుని నిదానంగా ఒకే వేడితో కాలుతుంది, ఆ ఆకుని ఏళ్ళ తరబడి నిల్వ పెడితే ఇంకా మంచిదని చైనాలో పాత మాట కూడా. అగరొత్తి కొస సన్నం, వేడి చాలదు, దగ్గరికి పెడితే కాలుతుంది. స్టిక్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

పెందుర్తి_అమ్మ2020:
చెల్లీ నేను చేశాను, ఎవ్వరూ నిజం రాయట్లేదు కాబట్టి రాస్తున్నా. 34 వారాల్లో మొదలుపెట్టాను, పది రోజులు, రోజూ రెండు పూటలా. మాది రెండు గదుల ఇల్లు, ఫ్యాన్ వేస్తే బూడిద ఎగురుతుంది, ఆపితే మన వైజాగ్ ఉక్క నీకు తెలుసుగా, చెమటతో జాకెట్టు తడిసిపోయేది, వాసన చూసి పక్కింటివాళ్ళు మా ఆయన ఏదో తాగుతున్నాడని అనుమానం, సెక్రటరీ వచ్చి తలుపు కొట్టి అడిగాడు. పొగ లేని రకం కూడా ఉంటుందని తర్వాత తెలిసింది. మా ఆడపడుచుకి ఆస్తమా, ఆవిడ వచ్చిన రోజు మానేశాం.

బిడ్డ కదలడం మాత్రం కదిలాడు, అది అబద్ధం కాదు, వేడి మొదలుపెట్టిన అయిదు నిమిషాలకి పొట్టంతా అలలు అలలుగా, ఆర్కే బీచ్‌లో కూర్చున్నట్టే. నాకు గ్యారంటీ తిరిగేస్తున్నాడు అనిపించేది. 36కి స్కాన్ చేస్తే హాయిగా అలాగే కూర్చుని ఉన్నాడు, పద్మాసనం. ఆపరేషన్ చేశారు, తీశాక చూస్తే మెడకి పేగు రెండు చుట్లు. అందుకే తిరగలేదేమో అని నా మనసుకి అనిపిస్తుంది, డాక్టర్ గారు మాత్రం అదే కారణమని చెప్పలేం అన్నారు.

నాకు బాధ తిరగనందుకు కాదు. ఆ పది రోజులూ తిరిగేస్తాడు తిరిగేస్తాడు అని నమ్మి, ఆపరేషన్ అంటే ఏంటి, ఎన్నాళ్ళు పడుకోవాలి, పాలు ఎలా పట్టాలి, ఏదీ కనుక్కోలేదు. ఆ రోజు థియేటర్‌లోకి వెళ్తుంటే కాళ్ళు వణికాయి. నువ్వు చేసుకో, కానీ రెండో దారి కూడా అడిగి పెట్టుకో. ఇంకోటి, మెట్టెలు తీసెయ్, నాకు కాళ్ళ వాపులకి బిగుసుకుపోయి సబ్బునీళ్ళు పెట్టినా రాలేదు, చివరికి కత్తిరించాల్సొచ్చింది.

గైనిక్_పీజీ_నైట్‌డ్యూటీ:
డ్యూటీలో గ్యాప్ దొరికింది, నేను గైనిక్‌లో పీజీ చేస్తున్నాను, ఇక్కడ రాసేది మీ డాక్టర్ మాటకి బదులు కాదు.

మొదటిది, 28 వారాల దగ్గర చూస్తే ప్రతి అయిదుగురిలో ఒక బిడ్డ ఎదురుకాళ్ళతోనే ఉంటుంది. నెలలు నిండేసరికి అది 3, 4 శాతానికి దిగిపోతుంది. అంటే ఎక్కువమంది ఎవరూ ఏమీ చెయ్యకుండానే తిరుగుతారు. అందుకే మీ డాక్టర్ అంత కూల్‌గా ఉన్నారు, ఆ ఒక్క ముక్క మీకు చెప్పి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు, అది మా వాళ్ళ తప్పే, ఓపీలో వంద మంది ఉంటే నోరు పెగలదు. చుట్టాలు ఇల్లు తుడవమన్నా, చైనా వాళ్ళు వేడి పెట్టినా, ఎదురుకాళ్ళ బాబాయ్ తొక్కినా, 32 నుంచి 36 మధ్య ఏం చేసినా "పనిచేసింది" అని చెప్పేవాళ్ళు దొరుకుతారు. బాబాయ్ గారు తన పేరు గురించి రాసిందాంట్లోనే స్టాటిస్టిక్స్ మొత్తం ఉంది, మా ప్రొఫెసర్ కూడా అంత బాగా చెప్పలేదు.

ఇక ఈ చిటికెన వేలు పాయింట్ మీద నిజంగానే ట్రయల్స్ జరిగాయి. 1998లో జామా అనే అమెరికన్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది (కాయ కాదు), చైనాలోని జియాంగ్‌షీలో 260 మంది తొలిచూలు వాళ్ళు, అందరూ మీలాగే 33వ వారం. 130 మందికి మోక్సా, 130 మందికి ఏమీ లేదు. 35వ వారానికి మోక్సా వాళ్ళలో 98 మందికి తల కిందకొచ్చింది, రెండో గుంపులో 62 మందికి. తేడా పెద్దదే. కానీ ఆ 62ని కూడా చూడండి, ఏమీ చెయ్యకుండా దాదాపు సగం మంది. పెందుర్తి అక్క చెప్పిన అలలు కూడా ఆ పేపర్‌లో ఉన్నాయి, వేడి పెట్టిన గుంపులో బిడ్డ కదలికలు ఎక్కువ లెక్కపెట్టారు.

తర్వాత అదే పరిశోధకుడు ఇటలీలో మళ్ళీ చేశాడు, 2005లో వచ్చింది, అక్కడ చాలామంది మధ్యలో మానేస్తే 123 మంది దగ్గరే ఆపేశారు, తేడా ఏమీ కనపడలేదు, రెండు గుంపుల్లోనూ మూడో వంతు చొప్పున తిరిగారు. పొగ, వాసన తట్టుకోలేకపోవడం కూడా మానెయ్యడానికి ఒక కారణం, అక్కా మీరు పది రోజులు చేశారంటే గొప్పే. 2023లో, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ అనే సంస్థ వాళ్ళు 13 ట్రయల్స్ కలిపి చూసి, మామూలు వైద్యంతో పాటు మోక్సా చేస్తే పుట్టేనాటికి ఎదురుకాళ్ళు ఉండే అవకాశం బహుశా తగ్గుతుంది అన్నారు. ఆ "బహుశా"ని బహుశాగానే తీసుకోండి. బ్రిటన్‌లో ప్రసూతి డాక్టర్ల కాలేజీ 2017 గైడ్‌లైన్‌లో కూడా 33 నుంచి 35 వారాల మధ్య, శిక్షణ ఉన్నవాళ్ళ పర్యవేక్షణలో, కావాలనుకుంటే చేసుకోవచ్చని రాశారు. కాబట్టి మీరు అడుగుతున్నది పిచ్చి ప్రశ్న కాదు, డాక్టర్ని అడగడానికి సిగ్గుపడకండి, టైం కూడా సరిగ్గా ఇదే.

స్కాన్ రిపోర్టు తీసి చూడండి. మాయ కిందకి ఉందన్నా, కవలలన్నా, ఉమ్మనీరు తక్కువన్నా, రక్తం కనపడినా, బీపీ ఎక్కువున్నా, ఇంతకుముందు గర్భసంచి మీద కోత ఉన్నా మీ డాక్టర్ ఓకే అనకుండా ఏదీ వెలిగించకండి. చేస్తున్నప్పుడు నొప్పులు వచ్చినా, నీరు పోయినా, కదలికలు తగ్గినా ఇక్కడ పోస్ట్ పెట్టి జవాబు కోసం చూడకుండా ఆసుపత్రికి.

36కి కూడా తిరగకపోతే ఈసీవీ గురించి అడగండి. పొట్ట మీద చేతులు పెట్టి బయటి నుంచే బిడ్డని తిప్పడం, మీ చుట్టం చెప్పిన ముసలావిడ చేసేదీ పైకి చూస్తే అలాగే ఉంటుంది, కానీ ఇక్కడ స్కాన్ పక్కనే, బిడ్డ గుండె చప్పుడు చూస్తూ, గర్భసంచి వదులయ్యే మందు ఇచ్చి, తేడా వస్తే ఆపరేషన్ థియేటర్ రెడీగా ఉండగా చేస్తాం. సుమారు సగం మందికి సక్సెస్, మొదటి కాన్పు అయితే ఇంకొంచెం తక్కువ. అందరు డాక్టర్లూ చెయ్యరు, మీ ఆసుపత్రిలో చేస్తారో లేదో ఇప్పుడే కనుక్కోండి, 37లో పరిగెత్తడం కంటే. 2000లో 26 దేశాల్లో చేసిన ఒక పెద్ద ట్రయల్ వచ్చాక ఎదురుకాళ్ళంటే నేరుగా సిజేరియన్‌కి వెళ్ళడం బాగా పెరిగింది, అందుకే నార్మల్‌గా ఎదురుకాళ్ళ కాన్పు చెయ్యగల చేతులు మా తరంలో తక్కువ, ఒప్పుకుంటున్నా. పిలుస్తున్నారు, వెళ్తున్నా.

ఎదురుకాళ్ళ_బాబాయ్:
డాక్టరమ్మ నన్ను పొగిడిందో తిట్టిందో అర్థం అవలేదు గానీ మా ఇంట్లో చూపించీసేను.

మధురవాడ_కొత్తమ్మ:
అప్‌డేట్ ఇస్తున్నా. రిపోర్టు తీసి చూశాం, మాయ పైన, వెనక వైపు, ఉమ్మనీరు సరిపడా, ఒక్కరే. బుధవారం మళ్ళీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళి ఈసారి కాగితం మీద ప్రశ్నలు రాసుకుని వెళ్ళా, మా ఆయన తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డారు ఆవిడ తర్వాతి పేషెంట్‌ని పిలవకుండా. మోక్సా అంటే "నాకు దాని మీద నమ్మకం లేదు, హాని కూడా కనపడట్లేదు, కాలకుండా చేసుకో" అన్నారు. ఈసీవీ ఆవిడ చెయ్యరంట, చేసే ఇంకో డాక్టర్ పేరు రాసిచ్చారు, 36 వారాలకి అపాయింట్‌మెంట్ పెట్టేశాం. ఆపరేషన్ గురించి కూడా మొత్తం అడిగేశాను పెందుర్తి అక్కా, పాల సంగతి కూడా.

ఈరోజుకి మూడో రోజు. మొదటి రోజు తెలిసినవాళ్ళ దగ్గర చేయించుకున్నాం, నిన్నటి నుంచి మా ఆయన. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి ఆ చుట్ట పట్టుకుని కునుకుతున్నారు, ఫర్నేస్ దగ్గర పని చేసే మనిషికి ఈ వేడి జోలపాటలా ఉన్నట్టుంది, నిన్న బూడిద దుప్పటి మీద రాలింది, అత్తయ్య అరిచిన అరుపుకి బేబీ నిజంగా తిరిగేసి ఉంటుంది. ఇప్పుడు ఆవిడే పక్కన స్టూల్ వేసుకుని తడిగుడ్డ, చెంబుతో నీళ్ళు, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని కూర్చుంటున్నారు. 20 నిమిషాలు అవ్వగానే చుట్ట లాక్కుని ఇసకలో గుచ్చేస్తున్నారు. బేబీ తెగ తన్నుతోంది, తల మాత్రం ఇంకా పైనే తగులుతోంది.

ఒక చిన్న సమస్య, నేను తెప్పించిన డబ్బాలో నాలుగే స్టిక్స్ వచ్చాయి, రెండు కాళ్ళకీ రెండు పూటలా అంటే రేపటితో అయిపోతాయి, మళ్ళీ ఆర్డర్ పెడితే సోమవారం అంటోంది. మధురవాడ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

పెందుర్తి_అమ్మ2020:
నా దగ్గర ఒకటిన్నర ఉంది చెల్లీ, అయిదేళ్ళ నుంచి బీరువాలో అలాగే పడుంది, పాతబడితే మంచిదన్నారుగా మాస్టారు. రేపు మా తమ్ముడు రుషికొండ వైపు వస్తున్నాడు, మెసేజ్‌లో అడ్రస్ పెట్టు, ఇచ్చి పంపిస్తా. సగందాని కొసకి నల్లగా ఉంటుంది, ఆ ముక్క కత్తెరతో తీసేసి వెలిగించు.